ఎడారి సరస్సున నౌకావిహారము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



విశ్రాంత జీవనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పదవీ విరమణ చేసినవారు ప్రొద్దెట్లు పుచ్చవలెనను విషయమున మన గ్రామమున హితోపదేశములకు కొరత లేదు. భాగవతము చదువుమని యొకరు, పెరటిలో పాదులు వేయుమని యొకరు, మనుమల నాడింపుమని యొకరు చెప్పుచునే యున్నారు. అవి యన్నియు మంచివే. నేను మరల చెప్పనక్కరలేదు. భూగోళమునకు ఆవలి వైపున, ఏటికి నాలుగంగుళముల వాన పడుటయే గగనమైన ఎడారిలో, వృద్ధులు పడవలు వేసికొని విహరించు సరస్సొకటి కలదు. నేడు దాని సంగతి చెప్పెదను. నేను దానిని కన్నులార చూచినవాడను గాను. మన గ్రంథాలయపు బల్లమీద దేశపటమును పరచుకొని, ఆ దేశపు జలశాఖవారు నెలనెలయు ప్రకటించు లెక్కలను చదివి తెలిసికొన్నవాడను. లెక్కలు వ్రాయుట నా వృత్తి. కవి నీటిని చూచినట్లు నేను చూడలేను. జమాఖర్చుల పుస్తకమును చూచినట్లు చూచితిని. అయినను అందలి రసము నాకు తగ్గినట్లు తోచలేదు.

మన కావ్యములలో జలక్రీడ అష్టాదశ వర్ణనలలో నొకటి. ప్రబంధకవులు దానిని విడిచిపెట్టరు. కాని యెన్ని ప్రబంధములు చదివినను, ఆ నీటిలో దిగినవారందరు యువకులును యువతులునే. వృద్ధునకు మన కవులు కమండలువునిచ్చి వనమునకు పంపిరేకాని, పడవనిచ్చి సరస్సునకు పంపలేదు. రఘువంశమున పదునారవ సర్గమున కుశ మహారాజు వేసవిలో సరయువున జలక్రీడ సల్పును. ఆ క్రీడలో, అగస్త్యుడు రామునకీయగా రామునినుండి తనకు వచ్చిన ఆభరణము నీట జారిపోవును. కుశుడు కోపించి బాణము సంధింపగా, కుముదుడను నాగరాజు వెలికివచ్చి దానిని మరల సమర్పించును. ఈ కథను జ్ఞాపకముంచుకొనుడు. నీటిలో పోయినది మరల పైకి వచ్చుట ఎట్టిదో ముందు చెప్పవలసి యున్నది.

ఆ సరస్సు పేరు మీడ్ సరస్సు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నెవాడా, అరిజోనా రాష్ట్రముల సరిహద్దున, మొహావీ యెడారిలో, లాస్ వేగాస్ నగరమునకు సమీపమున నున్నది. అది దేవఖాతము కాదు, మానవనిర్మితము. కొలరాడో నదికి అడ్డముగ 726 అడుగుల యెత్తున కట్టిన హూవర్ ఆనకట్ట వెనుక నిలిచిన నీరది. 1935 సెప్టెంబరు 30న అధ్యక్షుడు రూజ్వెల్టు ఆ ఆనకట్టను జాతికి అంకితము చేసెను. నిండుగనున్నపుడు సరస్సు పొడవు 112 మైళ్ళు. నీటిని వారు ఎకరా అడుగులలో కొలుతురు. అనగా ఎకరపు నేలమీద అడుగు లోతున నిలుచు నీరు. మన కొలతలోనికి మార్చినచో సుమారు 23 వేల ఎకరా అడుగులు ఒక టి.యం.సి. ఆ లెక్కను నిండు మీడ్ సరస్సు దాదాపు 1,140 టి.యం.సి.లు పట్టును. మన నాగార్జునసాగరము కట్టిననాటి సామర్థ్యము 408 టి.యం.సి.లు. అట్టి సాగరములు రెండు నిండి, మూడవదానిలో ముప్పాతిక వంతు దాక వచ్చునన్నమాట.

సరస్సునకు పేరిచ్చిన ఎల్వుడ్ మీడ్ ఆ దేశపు జలశాఖకు అధిపతి. 1858లో పుట్టినవాడు, 1924లో ఆ పదవి స్వీకరించెను. మన లెక్కలో పింఛను పుచ్చుకొని యింట కూర్చుండవలసిన వయస్సున ఆయన ఆ పనికి పూనుకొని, ఆనకట్ట ముగిసిన పిమ్మట 1936 జనవరిలో, ఆ పదవిలో నుండగనే మరణించెను. ఆనకట్టకు రూపకల్పన చేసిన ప్రధాన శిల్పులలో జాన్ సావేజ్ అను నతడొకడు. ఆయన పేరు మన గోదావరికి క్రొత్తది కాదు. 1940వ దశాబ్దమున పోలవరము వద్ద కట్టదలచిన రామపాదసాగరమును పరిశీలించిన విదేశ నిపుణులలో ఆయనయు ఉండెను.

ఇక విహారమునకు వత్తము. మనవారు చాలమంది అమెరికాలోని బిడ్డలను చూడబోయి, వేసవి సెలవులలో లాస్ వేగాస్ వెళ్ళి, హూవర్ ఆనకట్టమీద నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని, "అంతయు బండలు, ఎండ" యని చెప్పుచు తిరిగి వచ్చుచున్నారు. వారు పోయిన కాలము మంచిది కాదు. జూలై నెలలో అచ్చట 43 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన యెండ సామాన్యము. రెంటచింతల యెండ యెరిగినవారమని మనము ధైర్యము చెప్పుకొనవచ్చును గాని, అచ్చటి గాలిలో తేమ యుండదు. చెమట పట్టినది తెలియకుండగనే ఆరిపోవును. దాహము తెలియునప్పటికి దేహము సగము వాడిపోవును. వృద్ధులకు తగిన కాలము కార్తీకమునుండి చైత్రము వరకు. అప్పుడు ఉత్తర రాష్ట్రములలో మంచు కురియుచుండును. అచ్చటి విశ్రాంత ఉద్యోగులు వలసపక్షులవలె దక్షిణమునకు దిగివచ్చి, ఎడారిలో శీతకాలమును గడపుదురు. వారిని మంచుపక్షులని పరిహాసముగ పిలుతురు. మన కొల్లేటికి శీతకాలమున వచ్చు కొంగలను తలచుకొన్నచో ఆ పేరెంత యుక్తమో తెలియును.

వారు వాడు పడవలలో వృద్ధులకు మిక్కిలి ప్రియమైనది పంటు. మన గోదావరిమీద బండ్లను దాటించు పంటు తెలిసినవారికి దానిని వర్ణింపనక్కరలేదు. రెండు మూడు అల్యూమినియపు గొట్టములమీద చదునైన బల్ల, చుట్టు కటకటాలు, పైన నీడకు గుడ్డ, నడుమ కుర్చీలు, వెనుక యంత్రము. మోకాళ్ళ నొప్పిగలవాడైనను వీధి అరుగునుండి సావడిలోనికి పోయినట్లు దానిలోనికి నడచిపోవచ్చును. అమరకోశమున వారివర్గమున నౌ, తరణి, తరి యనునవి ఓడకు పేర్లు; ఉడుపము, ప్లవము, కోలము అనునవి తెప్పకు పేర్లు. ఆ విభజన ననుసరించి పంటును ఉడుపమనియే చెప్పవలెను. తెరచాపలవారు వేరు, తెడ్డు వేయువారు వేరు. వంటయిల్లు, పడకగది గల యింటిపడవలను అద్దెకు తీసికొని వారములకొలది నీటిమీదనే నివసించువారు కలరు. డబ్బుగలవారి మర యోడలు కొన్ని చెవులు చిల్లులు పడునట్లు అరచుచు పరుగెత్తును. వాటి సంగతి నాకు రుచింపదు, విడిచిపెట్టుచున్నాను.

విహారమునకు ప్రాతఃకాలము ప్రశస్తము. తెల్లవారుజామున గాలి యుండదు. నీరు అద్దమువలె నుండును. ఒడ్డున చెట్టు లేదు, చేను లేదు. ఎఱ్ఱని, నల్లని, ఊదా వన్నె కొండలు నేరుగా నీటిలోనికి దిగియుండును. ఎగువ నుండి వచ్చు నదిని గ్లెన్ కాన్యన్ ఆనకట్ట 1963 నుండి అడ్డగించుటచే అందలి ఒండ్రు అచ్చటనే చాలవరకు పడిపోవును. కావున మీడ్ సరస్సున నీరు తేటగా నుండి, లోతున నున్న రాళ్ళు కానవచ్చును. కొలరాడో యనగా ఎఱ్ఱనిదని స్పానిష్ భాషలో అర్థము. నది పేరున ఎఱుపు మిగిలెను, నీటిలో పోయెను. వంపుతిరిగిన కొమ్ములుగల కొండగొఱ్ఱెలు ఎండవేళకు నీరు త్రాగుటకై అంచులవెంట దిగివచ్చును. పడవలో కదలక కూర్చున్నవానిని అవి అంతగా లెక్కచేయవట. కదలక కూర్చుండుట యౌవనమున అలవడని విద్య. దీని యందు మాత్రము వృద్ధునకే ఆధిక్యము.

మధ్యాహ్నమునకు కొండల నడుమ గాలి లేచును. క్షణములో అలలు పుట్టును. అందుచే అనుభవజ్ఞులు పదునొకండు గంటలకే ఏదో యొక కోవలో లంగరు వేసి, భోజనము చేసి, పుస్తకము చదువుకొని, నిదురించి, గాలి తగ్గినపిమ్మట రేవునకు తిరిగి వత్తురు. ఆ కోవలు వందలకొలది కలవు. ఒక్కొక్కదానిలో ఒక్క పడవకే చోటు. ఇరుగు పొరుగు లేరు, గడియారముతో పని లేదు. నలువది యేండ్లు గంట మ్రోతకు లేచినవానికి ఇంతకన్న కావలసిన దేమి?

ఆనకట్టకు దిగువన వేరొక సొగసున్నది. నల్లలోయ యని దానికి పేరు. సరస్సు అడుగునుండి విడువబడు నీరు అచ్చట సంవత్సరము పొడవున సుమారు 12 డిగ్రీల చల్లదనముతో పారును. మీద ఎండ నిప్పులు చెరుగుచుండగా చేయి ముంచినచో కొయ్యబారునట్లుండును. కొండచరియలనుండి వేడినీటి బుగ్గలును అందులోనికే జారును. 2014లో ఆ నదీభాగమును జాతీయ జలమార్గముగ ప్రకటించిరి. చిన్న తెడ్డు పడవలలో ప్రవాహమువెంట దిగుట వృద్ధులకును కష్టము కాదు. ఎదురెక్కవలసినచో మాత్రము భుజబలము కావలెను.

ఈ ప్రదేశమంతయు జాతీయ విహారభూమి. దేశములో ఆ పేరు పొందినవాటిలో ఇదియే మొదటిది. 1964లో శాసనముచే స్థిరపడినది. విస్తీర్ణము 15 లక్షల ఎకరములు. ప్రవేశమునకు రుసుము కలదు. అయితే అరువదిరెండేండ్లు నిండిన స్వదేశీయులకు జీవితాంతము చెల్లునట్టి ప్రవేశపత్రము నిత్తురు. చిరకాలము పది డాలర్లుగా నున్న దాని వెల 2017లో ఎనుబది డాలర్లాయెను. దీనిని చదివినపుడు నాకు కౌటిల్యుడు జ్ఞప్తికి వచ్చెను. అర్థశాస్త్రమున రెండవ అధికరణమున నావధ్యక్షుని విధులు చెప్పిన అధ్యాయమొకటి కలదు. రేవు సుంకముల నన్నిటిని జంతువునకింత, బండికింత యని పైసతో సహా చెప్పిన ఆ కఠినుడే, బ్రాహ్మణులు, సన్న్యాసులు, బాలురు, వృద్ధులు, రోగులు, రాజశాసనము తెచ్చువారు, గర్భిణులు నావధ్యక్షుని ముద్రతో రుసుము లేకయే దాటవచ్చునని విధించెను. ఆ ముద్రకును ఈ ప్రవేశపత్రమునకును నాకు భేదము కానరాదు. ఎనుబది డాలర్లు తప్ప.

ప్రమాదముల మాట కొంచెము చెప్పి ముందునకు పోవుదును. లైఫ్ జాకెట్టును గూర్చి, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో జరిగిన ఘోరమును విన్న మనకు ఎవరును బోధింపనక్కరలేదు. మీడ్ సరస్సున పలువురు మునుగుట పడవ తలక్రిందులైనందున గాదు. ఎండ తాళలేక పడవ నిలిపి, జాకెట్టు లేకుండ ఈతకు దుముకుదురు. ఇంతలో గాలి పడవను త్రోసికొనిపోవును. ఈదువానికన్న పడవ వేగముగ పోవును. మంచి ఈతగాండ్రే ఇట్లు మునిగిరి. మరియొకటి: యంత్రము తిరుగుచుండగా పడవ వెనుక బల్లమీద కూర్చుండరాదు. వాసనలేని విషవాయువు అచ్చట నిలుచును. నెవాడా రాష్ట్రమున 1983 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారు ఇట్టి జలములలో మర పడవ నడపుటకు శిక్షణ పొంది యోగ్యతాపత్రము తీసికొనవలెను. అంతకు ముందు పుట్టినవారికి అక్కరలేదు. మా వయస్సువారికి తెలియనిది లేదని ఆ ప్రభుత్వము తలచినట్లున్నది! ఇంక, క్వాగా యను గోరంత ఆలుచిప్ప 2007 జనవరిలో ఆ సరస్సున కనబడినది. అది గొట్టములను పూడ్చివేయును. కావున సరస్సు విడుచు ప్రతి పడవను కడిగి, లోని నీరు తీసివేసి, ఆరబెట్టిన తరువాతనే వేరొక నీటిలో దింపవలెను. మనము ఒక యింటి యంటును మరియొక యింటికి చేర్చకుండ కాళ్ళు కడుగుకొనుట వంటిదే యిది.

ఇప్పుడు అసలు పద్దునకు వచ్చుచున్నాను.

1922 నవంబరు 24న శాంటా ఫే నగరమున, తరువాత దేశాధ్యక్షుడైన హెర్బర్టు హూవరు అధ్యక్షతన, కొలరాడో నదీతీర రాష్ట్రములు ఏడును నీటిని పంచుకొనెను. ఎగువవారికి ఏటికి 75 లక్షల ఎకరా అడుగులు, దిగువవారికి 75 లక్షలు. పిమ్మట 1944 సంధిచే మెక్సికో దేశమునకు 15 లక్షలు. మొత్తము ఒకటిన్నర కోటి పైన పదునైదు లక్షలు. ఆ లెక్క కట్టిన నాటికి ముందు కొన్నేండ్లు నది విరివిగా పారినది. మంచి యేడు పండిన పంటను చూచి శాశ్వతముగ శిస్తు కట్టిన చందమాయెను. 2000 తరువాతి సంవత్సరములలో నదిలో సహజముగ వచ్చిన నీరు సగటున 1 కోటి 25 లక్షలకు లోపే. లేని పొలమునకు పట్టా వ్రాసినట్లున్న ఆ ఒడంబడికమీద నాలుగు కోట్లమంది ఆధారపడి యున్నారు.

మీడ్ సరస్సు పద్దును ఆ శాఖవారే తేటగా వ్రాసి చూపిరి. ఎగువ నుండి మామూలు యేట వచ్చు జమ 90 లక్షల ఎకరా అడుగులు. దిగువ మూడు రాష్ట్రములకును మెక్సికోకును పోవు ఖర్చు, దారిలోని నష్టముతో కూడ, 96 లక్షలు. సరస్సుమీద సూర్యుడు త్రాగునది 6 లక్షలు. అనగా మన లెక్కను 26 టి.యం.సి.లు. వెరసి లోటు ఏటికి 12 లక్షలు. ఈ లోటు కరవువలన వచ్చినది కాదు. మామూలు యేటనే, పుస్తకములోనే యున్న లోటు. దీనివలన నీటిమట్టము ఏటికి పండ్రెండడుగులు దిగును. మూలధనమునుండి తీసి తినువాని యింట పండుగలు కొంతకాలము చక్కగనే జరుగును.

1983 జూలైలో సరస్సు మట్టము సముద్రమునకు 1,225 అడుగుల యెత్తున నుండెను. 2000 నాటికిని దాదాపు నిండుగనే యున్నది. 2022 జూలై నాటికి 1,040కి దిగినది. నూట యెనుబదియైదడుగులు! మన దేవాలయ గోపురము నీటిపై నిలిపినచో దానిమీద మరి రెండు గోపురములు పేర్చవలసియుండును. నీరు విడిచిన బండలమీద సున్నపు తెలుపు పట్టియుండును. ఎఱ్ఱని కొండలచుట్టు వెడల్పైన తెల్లని పట్టె, నీళ్ళతొట్టి లోపల మురికి గీటువలె నిలిచినది. అచ్చటి విహారులు దానిని చూచుచునే పడవ నడపుదురు. ఆ పట్టె కిందుగా పోవువాడు, తన తలపైన నీరుండిన కాలమును కంటితో కొలుచుచు పోవును.

పడవలను దింపు సిమెంటు రేవులు నీరు దిగినకొలది పొడిగించుచు పోవలెను. చివరకు లోయ అంచు వచ్చినచో పొడిగింపనును వీలు లేదు. నీటిమీద తేలు రేవులను గొలుసులు విప్పి మైళ్ళకొలది లాగికొనిపోయిరి. లాస్ వేగాస్ బే యందలి రేవు 2002లో హెమెన్వేకు తరలెను. ఓవర్టన్ రేవు 2007లోను, ఎకో బే రేవు 2013లోను మూతపడెను. 2022 వేసవిలో పడవ దింపుటకు హెమెన్వే తప్ప చాలవరకు చోటు లేకపోయెను. మన కవులకు ఎడారి యనగానే ఎండమావి స్ఫురించును. లేనినీటిని చూచి మృగము పరుగెత్తును, అది దూరముగ జరుగును. ఇచ్చట నీరు నిజమైనది. త్రాగవచ్చును, ఈదవచ్చును, చేప పట్టవచ్చును. అయినను ఎండమావి నడవడి నేర్చికొనినది. రేవు దానివెంట పోవుచున్నది, అది దిగువకు జరుగుచున్నది.

కుశుని ఆభరణమును జ్ఞాపకముంచుకొనుమంటిని. 2022లో నీరు దిగగా, రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైన్యమును ఒడ్డున దింపుటకు వాడిన హిగ్గిన్స్ పడవ యొకటి మీడ్ సరస్సున బయటపడెను. అది యొకప్పుడు 185 అడుగుల లోతున నుండెను. అదే సంవత్సరము ఏప్రిలులో, 1971 నుండి లాస్ వేగాస్ నగరమునకు నీరు తోడిన మొదటి గొట్టపు నోరును గాలిలో తేలినది. నగరమువారు దీనిని ముందే యూహించి, 2015 నాటికే సరస్సు అడుగునుండి నీరు తీయు మూడవ ద్వారమును ముగించిరి, లేకున్న దప్పిగొనియుందురు. కుశునకు బాణము తొడుగవలసి వచ్చెను. ఇచ్చట కరవే బాణమాయెను.

ఈ పద్దులో పడవ విహారమునకు చోటెక్కడ? 1922 ఒడంబడికలో నాలుగవ ప్రకరణమున స్పష్టముగ నున్నది: నది వర్తకనౌకలు నడచుటకు పనికిరాకపోయినది గనుక నౌకాయానము గృహావసరములకును, వ్యవసాయమునకును, విద్యుత్తునకును లోబడియుండవలెను. 1928లో ఆనకట్టకై చేసిన శాసనము ఆ నీటి ప్రయోజనములకు వరుస కట్టినది. మొదటి వరుసలో నదిని క్రమపరచుట, వరదల నాపుట, నౌకాయానమును బాగుచేయుట, రెండవది సాగు, త్రాగునీరు, మూడవది విద్యుత్తు. నౌకాయానము పేరు ముందు వరుసలో నున్నదని మనము సంతోషింపరాదు. కేంద్రప్రభుత్వమునకు ఆనకట్ట కట్టు అధికారమున్నదని 1931లో అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పుటకు ఆ మాట పనికివచ్చినది. కుర్చీ వేసికొని కొండలను చూచు ముదుసలి పడవ మాట ఆ శాసనముల వరుసలో నెచ్చటను లేదు.

నాకు దీనిలో వింత యేమనగా, ఆ నీటిని వాడుకొను వారందరిలో నీటిని ఖర్చుచేయనివాడు ఈ పడవవాడొక్కడే. ఇంపీరియల్ లోయ రైతులు ఏటికి 31 లక్షల ఎకరా అడుగుల హక్కు కలవారు. శీతకాలమున ఆ దేశము తిను కూరాకులో పెద్ద పాలు వారు పండింతురు, వారిని నేను తప్పుపట్టను. నగరములు త్రాగును. పడవ యేమి త్రాగును? ఉదయము తేలినంత నీరు సాయంకాలమును అట్లే యుండును. వాని కోరిక యొక్కటే: నీరు అచ్చట ఉండవలెను. పద్దు పుస్తకములో జమకు గది యున్నది, ఖర్చునకు గది యున్నది. ఉండుటకు మాత్రము గది లేదు. మన చెరువు ఆయకట్టు రిజిస్టరును చూడుడు. సర్వే నెంబరు వారీగా, సెంట్లతో సహా ప్రతి చేనునకు పద్దు కలదు. గట్టున మఱ్ఱిక్రింద సాయంకాలము కూర్చుండు వృద్ధులకు లేదు. ఈదు పిల్లలకు లేదు. మునుగు గేదెలకు లేదు. చెరువు ఎండిన యేట ఎకరములకు నష్టపరిహారము వ్రాయవచ్చును. వీరికి వ్రాయుటకు కాలమ్ లేదు.

ఆ పడవవాడు సర్వవిధముల నిర్దోషి యని నేననను. ఇచ్చట సూక్ష్మమొకటి కలదు. లాస్ వేగాస్ నగరమున ఇంటిలోపల వాడిన నీరు, స్నానము చేసినదైనను, గిన్నెలు కడిగినదైనను, శుద్ధియై కాలువ ద్వారా మరల మీడ్ సరస్సునకే చేరును. నెవాడా వాటా ఏటికి 3 లక్షల ఎకరా అడుగులే, అనగా 13 టి.యం.సి.లు, కాని తిరిగి చేర్చినంత నీటిని మరల తీసికొనుటకు వారికి హక్కు కలదు. ఇంటి వెలుపల పచ్చగడ్డికి పోసిన నీరు మాత్రము తిరిగి రాదు. ఎండకు ఆవిరియై పోవును. కావున ఎడారిలో గడ్డి పెంచి, వారాంతమున పడవ యెక్కువాడు తన పడవ క్రింది నీటిని తానే తన పెరటికి తోడుకొనుచున్నాడు. అచ్చటి జలాధికారులు గడ్డి పెరికినవారికి చదరపుటడుగునకింత యని ధనమిచ్చుచున్నారు. అలంకారమునకు మాత్రమే పెంచు వీథి గడ్డిని 2026 తరువాత ఆ నీటితో తడుపరాదని 2021లో శాసనము చేసిరి. అనేకులు గడ్డి తీసి కంకర పోసి, నీరక్కరలేని ముండ్లచెట్లు నాటుకొనిరి. పింఛనుదార్లలో అట్లు చేసినవారి పడవ విహారమును నేను మనసార మెచ్చుకొందును. అది వారికి చెల్లును.

2019లో రాష్ట్రములు కోతలకు ఒప్పుకొనెను. 2021 ఆగస్టులో మొదటిసారిగ సరస్సునకు లోటు ప్రకటింపబడి, మరుసటి యేట అరిజోనాకు 5 లక్షల 12 వేల ఎకరా అడుగులు తగ్గెను. అచ్చటి రైతులు కొందరు చేలు బీడు పెట్టిరి. దీనితో మట్టము కొంత నిలిచెను. సరస్సు పూర్వమువలె నిండునని చెప్పుటకు మాత్రము పుస్తకము ఒప్పుకొనదు. అయినను ఇప్పటికిని అది ఆ దేశపు గొప్ప జలాశయములలో నొకటియే. దిగిన నీరును పడవకు చాలును. పూర్వము నీటి క్రింద నున్న కోవలు మూసికొనిపోగా, క్రొత్త కోవలు తెరచుకొనుచున్నవి. దేశపటములు ముద్రించువారికే కష్టము. పడవవాండ్రు ఏటేట రాళ్ళ గుర్తులు మరల నేర్చికొనుచున్నారు. డెబ్బది యేండ్లు దాటినవాడు ఏటికొకసారి క్రొత్తగ పాఠము నేర్చుకొనుటలో నాకు కడుపునిండిన సంతోషము కలదు.

చివరకు ఒక ఊరి మాట చెప్పి ముగింతును. 1869 మే 24న జాన్ వెస్లీ పవెల్ అను నతడు, అంతర్యుద్ధమున కుడిచేయి పోగొట్టుకొనినవాడు, తొమ్మండుగురు తోడివారితో నాలుగు పడవలమీద ఎవ్వరును ఎరుగని ఆ నదీలోయలలోనికి దిగెను. ఒక పడవ నలిగిపోయెను. నలుగురు నడుమ విడిచిపోయిరి. మిగిలిన ఆరుగురు ఆగస్టు 30న వర్జిన్ నది కలియుచోట లోకమున బడిరి. ఆ చోటు తరువాత మీడ్ సరస్సు గర్భమునకు పోయెను. ఆకలితో వచ్చిన ఆ బృందమునకు సుమారు ఇరువది మైళ్ళ దూరమున నున్న సెయింట్ థామస్ అను పల్లెనుండి పెద్దమనిషి యొకడు బండిమీద తీపి పండ్లు తెచ్చి యిచ్చెను.

ఆ పల్లెను మోర్మన్ మతస్థులు 1865లో కట్టుకొనిరి. తామొక రాష్ట్రమున నున్నామనుకొని కాపురముండగా, సర్వే జరిపి చూచినచో నెవాడాలో నున్నట్లు తేలెను. నెవాడావారు పాతబాకీ శిస్తులు బంగారముతో చెల్లింపుమనిరి. 1871లో దాదాపు ఊరంతయు లేచిపోయెను. గ్రామ లెక్కలలో సరిహద్దు రాయి ఒక గజము జరిగిన నేమగునో మన రైతులకు నేను చెప్పనక్కరలేదు. తరువాత మరల జనము చేరి, తోటలు వేసి, బడి కట్టుకొని బ్రతికిరి. ఆనకట్ట నీరు మెల్లగా పైకి వచ్చెను. 1938 జూన్ 11న హ్యూ లార్డ్ అను కడపటి నివాసి, నీరు తన యింటి గుమ్మము త్రొక్కగా, పడవ యెక్కి వెడలిపోయెను. కృష్ణాలోయలో నాగార్జునకొండ మునుగునపుడు మనవారు విహారముల రాళ్ళనైనను ఎత్తి కొండమీద నిలిపిరి. నేటికిని పడవ యెక్కి పోయి వాటిని చూచుచున్నాము. సెయింట్ థామస్ నెవ్వరును ఎత్తలేదు.

2002 తరువాత అది తనంతట పైకి వచ్చెను. బడి మెట్లు, బావుల అంచులు, ఇండ్ల పునాదులు, ఎండిన చెట్ల మోళ్ళు నేలమీద నిలిచియున్నవి. వాటి నడుమ నత్తగుల్లలు చల్లియున్నవి. అరువది యడుగుల లోతున ఆ ఊరిమీదుగా పడవలు నడపినవారిలో కొందరు ఇప్పుడు మనుమల వెంటబెట్టుకొని దానిని చూడబోవుచున్నారు. నేడచ్చటికి పడవ పోదు. చలికాలమున, త్రాగునీరు వెంట తీసికొని, చేతికఱ్ఱ పట్టుకొని, రెండు మైళ్ళకు పైగా కాలినడకను తిరిగి రావలెను.